అరువు పీరియడ్

మెట్ల మలుపులో ఆగి లెక్కల మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అద్దాలకు మరకేమీ లేదు. ఊపిరి అందేదాకా చేతికి ఏదో ఒక పని కావాలి. డాబా మీద ఆరేసిన వాలీబాల్ నెట్టు కోసం డ్రిల్లు మాస్టారు రెండేసి మెట్లు ఎక్కుతూ ఆయన్ని దాటిపోయారు.

"అంత తుడిస్తే అద్దాలు అరిగిపోతాయి బావగారూ!"

చుట్టరికమేమీ లేదు. ఇద్దరిదీ ఒకే వయసు, బడిలో చేరింది ఒకే ఏడు. అందుకే ఆ పిలుపు. పిలుపు కంటే రెండేసి మెట్లెక్కే ఆ మోకాళ్లే లెక్కల మాస్టారి కడుపు మండించేవి. తన పాదాలు సాయంత్రానికి వాచి, చెప్పు పట్టీ చివరి రంధ్రానికి చేరేది. పొట్ట అడ్డొచ్చి ఆ పట్టీ పెట్టుకోవడమూ ఒక యజ్ఞమే.

స్టాఫ్‌రూములో తన చక్కెర లేని టీ మింగుతూ లెక్కల మాస్టారు, డ్రిల్లు మాస్టారు రెండు చెంచాల చక్కెర కలుపుకోవడం చూశారు.

"మీకే రోగమూ రాదేంటండీ?"

"వస్తుంది బావగారూ. నాతో పాటు గ్రౌండు చుట్టూ పరిగెత్తలేక వెనక్కి పోతుంది."

అందరూ నవ్వారు. లెక్కల మాస్టారు కప్పులోకి చూశారు.

ఆయన చదువుకునే రోజుల్లో ఆటల పీరియడ్‌లో తరగతిలోనే కూర్చుని లెక్కలు చేసేవారు. బస్తాలు మోసే తండ్రి, "ఆటలు కూడు పెడతాయట్రా?" అనేవాడు. ఆ కూర్చోవడమే ఆయన్ని ఆ ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి చేసింది. ఆ తర్వాత లేవడం అలవాటు కాలేదు.

పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్ లెక్కలకు అరువు పోవడం ఆ బడి ఆచారం. తిరిగొచ్చిన అరువు ఒక్కటీ లేదు. కిటికీలోంచి తరగతిలో పడ్డ బంతులు కూడా ఆయన బీరువాలోకే పోయేవి. అంతా పిల్లల బాగుకే అనేవారు. అది సగం నిజం. మిగతా సగం, గ్రౌండులోంచి డ్రిల్లు మాస్టారి ఈల వినబడగానే గుండెల్లో రగిలే మంట.

ఆ రోజూ ఆఖరి పీరియడ్ అరువుకు గ్రౌండులోకి వెళ్లారు. ముఖమంతా చెమట. డ్రిల్లు మాస్టారు కుర్చీ తెచ్చి వేశారు.

"తీసుకుపోదురుగానీ, ముందు కాస్త కూర్చోండి."

"ఆటలు కూడు పెడతాయటండీ వీళ్లకి?"

"కూడు మీ లెక్కలే పెడతాయి. తిన్న కూడు అరగొద్దూ?"

లెక్కల మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. ఎదురుగా ఒక బొద్దు పిల్ల బంతి వెంట పరిగెడుతోంది. ఎప్పుడూ చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునే పిల్ల. జడ ఊడిపోయినా పట్టించుకోకుండా పడీ పడీ నవ్వుతోంది. ఆ పిల్ల మీద కూడా ఆయనకు అసూయ కలిగింది. ఈమాటు అది మండలేదు, నొప్పి పుట్టింది.

"ఇవాళ్టికి మీరే ఉంచుకోండి," అన్నారు.

"ఒంట్లో బాగానే ఉందా బావగారూ?" అని నవ్వి, డ్రిల్లు మాస్టారు నెట్టు బిగించడానికి వెళ్లారు.

కాసేపటికి బంతి దొర్లుకుంటూ వచ్చి లెక్కల మాస్టారి కాళ్ల ముందు ఆగింది. ఆట ఆగిపోయింది. పిల్లలు గుసగుసలాడుకున్నారు.

"అయిపోయింది. ఇంక బీరువాలోకే."

"నువ్వెళ్లి అడుగు."

"అమ్మో, నువ్వే వెళ్లు!"

ఆయన అతి కష్టం మీద వంగి, కాళ్ల దగ్గర ఏదో చేసి, మళ్లీ వెనక్కి వాలారు. బంతినే చూస్తున్నారు. కోపమొచ్చిందనుకుని పిల్లలు దూరంగా నిలబడ్డారు. చాలాసేపు అలాగే నిలబడ్డారు.

"అడగండ్రా, బావగారేం కొరకరు," అంటూ డ్రిల్లు మాస్టారు వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో ఆయన కళ్లజోడు తీసి, తెరుచుకునే ఉన్న ఆ కళ్లు మూసి, పిల్లల్ని తరగతుల్లోకి వెళ్లమన్నారు.

ఆయన్ని మోసుకుని అందరూ వెళ్లాక, ఖాళీ కుర్చీ ముందు బంతి అక్కడే ఉంది. దాని పక్కనే, బంతిని తన్నేటప్పుడు ఎగిరిపోకుండా ఆయన పట్టీ విప్పి జాగ్రత్తగా పక్కన పెట్టిన కుడికాలి చెప్పు.