ఒక్క దారిని బోయిన మాట

వైశాఖమాసపు మధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తములై కన్నులు మిఱుమిట్లు గొల్పుచున్న ఉప్పుమళ్ళును వాని గట్లపై మంచుకొండల పిల్లలవలె నిలిచిన శ్వేతలవణరాసులును కడలిగాలి సోకి తుప్పుపట్టిన కేబులుతీగలును గల కొత్తపాయ యను పల్లెయందు ఆనాడు ఒక్క కూలియు మడిలో దిగలేదు. ఉప్పు కోతకు వచ్చిన దినమున కూలి మడిలో దిగలేదనినచో కారణము చిన్నదియా? కాదు.

సముద్రజలమును ఆ మళ్ళకు గొనివచ్చు పాయ నోటిని రాతికట్టతో మూసి యచ్చట నొక కంపెనీవారికి పడవలరేవు గట్టింప నధికారులు తలపెట్టిరి. ఆక్షేపణ గలవారు ఇంటర్నెట్టు సభలో తమ నోటితో జెప్పుకొనవలె ననియు సభ ముగియులోపల పలుకని పల్లెకు ఆక్షేపణ లేనట్లే యెంచబడు ననియు చాటించిరి. సిగ్నలు చీమవలె ప్రాకు చోట ఇంటర్నెట్టు సభ యట! పాయ మూతపడెనా ఆ పల్లెలో పొయ్యి వెలుగదు.

ఉప్పుకూలీల సంఘమునకు పెద్దయు ఎవ్వరియొద్దను శిష్యరికము చేయక తానే తంటాలుపడి కంప్యూటరు నేర్చినదియు నగు మైలపల్లి దానమ్మ తన యింటి ముందుగదిలోని కంప్యూటరునకు కేబులు ఇంటర్నెట్టును తన ఫోను ఇంటర్నెట్టును మఱిది కోర్లయ్య ఫోను ఇంటర్నెట్టును గలిపి కూర్చెను. వేగమును గొలిచి చూడగా మూటిని గూడిన మొత్తమే తెఱపై గానవచ్చెను.

“చూచితివా వదినా! మూడు కాలువలు విప్పిన మడి నిండదా? ఇక గలెక్టరుదొరనే తెఱలోనుండి దింపి చేపలపులుసు వడ్డింపవచ్చును” అని కోర్లయ్య మీసము దువ్వెను.

“ముందు నీ వా తీగను ద్రొక్కక దూరముగ నిలువుము. పులుసు సంగతి పిమ్మట.”

అంతలో కొత్తపాయవారికి పిలుపు వచ్చెను. దానమ్మ గొంతు సవరించుకొని రెండు మాటలైన బలుకకమునుపే తెఱ నల్లబడెను. మఱల ప్రవేశించెను. మఱల గెంటివేయబడెను. ఆమె పండ్లు గొఱికి యారయగా లోగుట్టు బయల్పడెను. దారులెన్ని కూర్చినను ఒక్క సంభాషణ ఒక్క దారినే నడచును. తుప్పుతీగ తడబడినప్పుడెల్ల కంప్యూటరు ఆ సంభాషణను ఫోనుదారికి ద్రోయుచుండెను. ఒక వాకిట జొచ్చిన మనిషి నడుమ వేఱొక వాకిట గానరాగా సభాయంత్రము పరులెవ్వరో చొఱబడిరని భ్రమించి తలుపు మూయుచుండెను.

“పొరుగింటి రాములప్ప ఫోనుగూడ దెచ్చి తగిలింతునా?” అని కోర్లయ్య తొందరపడెను.

“గింజ కట్టిన మడికి ఎవడైన కొత్తనీరు విడుచునా? ఉన్న యుప్పుగూడ కరగిపోవును గదా! గట్టుమీద బుట్టి పెరిగి ఇదియే మఱచితిమి!” అని దానమ్మ తన ఫోను నొక్కదానిని నిలిపి తక్కిన రెంటిని బెఱికివైచెను. బొమ్మనుగూడ నార్పి మాట నొక్కదానినే పంపెను.

అయినను మాట ముక్కలుముక్కలై పోవుచుండెను. “ఏమియు వినరాదు. ఇంకొకసారి చూచి తరువాతి పల్లెను బిలిచెదను” అని యధికారి విసుగుకొనెను. కోర్లయ్య కిటికీనుండి తొంగిచూచి నెత్తి కొట్టుకొనెను. గట్టు పొడవున స్త్రీపురుషులెల్లరును ఫోనులు చేతబట్టి ఆ సభనే చూచుచుండిరి. ఉన్న యొక్క టవరును ఊరెల్ల బీల్చుచుండెను.

“వదినా! వీరందఱును నిన్ను జూచుటకే కాచుకొనియున్నారు!”

“చూచుటకు నేనేమి సినిమాతారనా? పో! నన్ను జూచెదరో పాయను దక్కించుకొనెదరో తేల్చుకొమ్మనుము!”

కోర్లయ్య గట్టెక్కి ఫోనులార్పుడని యఱచుచు బరుగెత్తెను. “మా దానమ్మ దొరను గడిగివేయుచుండ జూడవలదనుటకు నీ వెవ్వడవురా?” అని ముదుసలి రాములప్ప కస్సుమనెను. కారణము విన్నపిదప ఆమెయే యందఱికంటె ముందు ఫోను నార్పి చెంగున ముడివైచెను. ఆమెను జూచి యొక్కరొక్కరుగా దక్కినవారును నార్పిరి.

దానమ్మ మాట తేటపడెను.

“ముఖము గానరాదు. మీ రెవ్వరో నే నెట్లెఱుంగుదును?” అని యధికారి యడిగెను.

“పెండ్లిచూపులకు వచ్చితిరా అయ్యా ముఖ మడుగుటకు? మొఱ వినుటకు గూర్చుంటిరి. వినుడు” అని దానమ్మ మొదలిడెను. పాయనీరు ఏ మడినుండి యే మడికి బాఱునో అది నిలిచిన ఎవ్వరి కంచము బోర్లపడునో దాపక తడబడక చెప్పెను. అధికారి “ఆక్షేపణ వ్రాసికొనుడు. నేను వచ్చి పాయను జూచువఱకు కట్టపని నిలుపుడు” అని గుమాస్తాకు జెప్పెను.

దానమ్మ వెలుపలికి వచ్చునప్పటికి చీకటిగొన్న ఫోనులతో ఊరెల్ల నెండలో నిలిచియుండెను.

“పాయ నిలిచెనా?” అని రాములప్ప యడిగెను.

“ఇప్పటికి నిలిచినది.”

“ఏమంటివే తల్లీ?”

దానమ్మ ఆమె చెంగుముడివంక జూచెను. ఆ మాటను వారిలో నొక్కరును వినలేదు. తీగలు గూర్చినది తాను గాని ఆ మాటకు దారి విడిచినవారు వీరు. తన చెవిని మూసికొని తోడివాని నోరు దెఱపించుటకంటె గొప్ప కూడిక లోకమున నేది?