రంజన్ నీళ్ళలో పరీక్ష

చొప్పదండిలో మే నెల మధ్యాహ్నం ఫోన్ ఎత్తాలన్నా ఒళ్ళు బరువే. కొత్త నంబరు కదా అని సృజన ఎత్తింది. రెండో చేత్తో రంజన్‌లో, అంటే చల్లని నీళ్ళ మట్టి కుండలో, నీళ్ళు ముంచుకుంటోంది.

"మేడం, నేను కావ్యను. ఆదిలాబాద్ దిక్కు చిన్న దవాఖానల నర్సును. మా టీకాల ఫ్రిజ్జుకు సల్లదనం ఎంతుందో సూపెట్టే మీ డబ్బా పెట్టిండ్రు కద. కంపెనీకి చేస్తె మీ నంబరిచ్చిండ్రు."

"చెప్పు కావ్యా."

"డబ్బా మీద నాలుగు రోజుల సంది రెండు డిగ్రీలే సూపెడుతుంది. జర గూడ మారుత లేదు. లోపల చూస్తె నీళ్ళ సీసా రాయి లెక్క గడ్డ కట్టింది. గిప్పుడు డబ్బాను నమ్మాల్నా, సీసానా?"

సృజన చేతిలో చెంబు చేతిలోనే ఉండిపోయింది. జవాబు ఆమెకు ఆ క్షణమే తెలిసిపోయింది.

"సీసానే నమ్ము. టీకాలు ఎవ్వరికీ ఇయ్యకు. నేను మళ్ళ చేస్త" అని పెట్టేసింది.

సృజన చేసే పని ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. కంప్యూటర్ అంటే జిరాక్సు సెంటరే అనుకునేవాళ్ళకు కెర్నల్ గురించి ఎవరు చెప్పొచ్చారు? లినక్స్ అని యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, దాని నడిబొడ్డు భాగమే కెర్నల్. లోకంలో ఎవరైనా దాని లోపలి కోడ్ చదవొచ్చు, బాగుచేసి మెయిల్‌లో పంపొచ్చు. దాన్ని చూసే పెద్దలు పదిమంది ముందే ప్రశ్నలు వేసి, ఒప్పుకుంటే కలుపుకుంటారు. కింద రాసినవాళ్ళ పేరుంటుంది. దీనికి పూచీ నాదే అని ఆ పేరుకు అర్థం. కరీంనగర్‌లో అరుణ్‌కుమార్ అనే ఆయన పెట్టిన, ఈ డబ్బాలు చేసే చిన్న కంపెనీ కోసం, వేడినీ చల్లదనాన్నీ కొలిచే ఒక చిప్పుకు సృజన డ్రైవర్ రాసింది. చిప్పు చెప్పే అంకెను కెర్నల్‌కు అర్థమయ్యేలా అందించే కోడ్ అది. అది కెర్నల్‌లో కలిసిన రోజు ఆమె తండ్రి లచ్చయ్య ఆ పేజీని ప్రింటు తీయించి తన మరమగ్గాల షెడ్డులో గోడకు అతికించాడు. అక్షరం ముక్క అర్థం కాకపోయినా బిడ్డ పేరు మాత్రం వేలు పెట్టి చూపించేవాడు.

తప్పు ఆ పేరుకు కాస్త పైనే ఉంది.

వాళ్ళ ఇంటి పక్కనే షెడ్డు. మరమగ్గాలు, అదే సాంచలు, నడుస్తుంటే గోడలతో సహా అన్నీ అదురుతాయి. కోడ్ రాస్తున్న రోజుల్లో ఆ అదురుకు చిప్పు తీగ వదులై, మాటిమాటికీ 255 అని వచ్చేది. విసుగొచ్చి సృజన ఒక ఉపాయం చేసింది. 125 దాటిన అంకె వస్తే అది పిచ్చి అంకె, దాన్ని పక్కనపెట్టి ఇంతకుముందు వచ్చిన అంకెనే చూపించు అని రాసింది. కానీ ఆ చిప్పు సున్నా కిందికి పోతే చెప్పేది కూడా అలాంటి పెద్ద అంకెలతోనే. దాని భాషలో 255 అంటే మైనస్ ఒకటి. గంటకోసారి చదివే డబ్బా అది. ఆ గంటలో రెండు నుంచి మైనస్‌లోకి జారితే, ఇక రోజుల తరబడి రెండనే చెబుతుంది.

కోడ్ చూసిన పెద్దమనిషి ఏదో మంచుదేశం ఆయన. అప్పుడే అడిగాడు, సున్నా కింద పరీక్షించావా అని. వాళ్ళింట్లో ఫ్రిజ్ లేదు. చల్లటి నీళ్ళు గొంతుకు పడవని లచ్చయ్య కొననివ్వలేదు. చల్లదనం అంటే ఆ ఇంట్లో రంజనే. సృజన తీగను ఓ ప్లాస్టిక్ సంచిలో చుట్టి రంజన్‌లో ముంచింది. ఇరవై నాలుగు వచ్చింది. చిప్పు బాగానే చెబుతోందిగా, ఇరవై నాలుగుకు సరిగ్గా ఉన్నది సున్నాకు మాత్రం ఎందుకు తప్పుతుందిలే అనుకుని, "పరీక్షించాను" అని జవాబు రాసింది. ఒక్క మాట. అబద్ధమని అప్పుడు తోచనైనా తోచలేదు.

కావ్య సాయంత్రం మళ్ళీ చేసింది. "టీకా సీసా ఊపి నిలబెట్టిన మేడం. అడుక్కు సున్నం లెక్క దిగబడ్డది. గడ్డ కట్టి పాడైనయి. రిజిస్టర్ గూడ చూసిన. జనవరిల పదకొండు రోజులు పొద్దుమాపు రెండే రాసిన. డబ్బా చెప్పింది కద అని రాసుకుంట పోయిన. గా రోజులల్ల నలభై ఒక్క మంది పిల్లలకు సూదులేసిన." ఆమె రిజిస్టర్ మూసిన చప్పుడైంది. "గా మందు పనిచెయ్యది. పానానికేం కాదు గని, పిల్లలకు రక్షణ లేనట్టే."

సృజన ఆ అంకెను కాగితం మీద రాసుకుంది. నలభై ఒక్క మంది. ఆ పిల్లల తల్లులు తమ బిడ్డలకు ఇక ఫికర్ లేదనుకుంటూ ఉంటారు.

సృజన అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ఆయన నెమ్మదిగానే అన్నాడు. "చూడు సృజనా, కోడ్ సరిచేసి పంపు. తప్పు అని రాయకు, మెరుగు జేసినం అని రాయి. పన్నెండు దవాఖానలల్ల మన డబ్బాలున్నయి. ఒక్క దగ్గర తప్పంటే అన్నీ వాపసొస్తయి. నీ పేరు గూడ ఖరాబైతది."

ఆయన చెప్పినట్టు చేస్తే ఎవరికీ తెలియదు. కావ్య ఒక్కతే నోరు మూసుకుని కొత్త మందు తెప్పించుకుంటుంది. మిగతా పదకొండు చోట్ల రిజిస్టర్లు ఎవరూ తిరగేయరు.

సృజన షెడ్డులోకి వెళ్ళి తండ్రికి అంతా చెప్పింది. లచ్చయ్య సాంచ ఆపి విన్నాడు. అర్థమైనంత అర్థం చేసుకున్నాడు.

"అంటె పోగు తెగినంక గూడ సాంచ నడిపిచ్చినవన్నట్టు."

"అవును బాపు."

"బట్ట మడత పెడితె కనవడది బిడ్డా. కట్టుకున్నంక కనవడ్తది."

ఆయన లేచి గోడ మీది కాగితం పీకేస్తాడేమో అనుకుంది. పీకలేదు. దాని వైపు చూడకుండా మళ్ళీ సాంచ నడిపాడు. పీకేసినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ రోజే సృజన, అనుమానపు అంకె వస్తే పాతది చూపించకుండా 'తెలియదు' అని చెప్పేలా కోడ్ సరిచేసి పంపింది. ఏ కోడ్‌లో తప్పో ఆ వరుసలో తన పాత కోడ్ పేరే రాసింది. తప్పు కనిపెట్టిన వాళ్ళ వరుసలో కావ్య పేరు రాసింది. పైన ఇలా రాసింది: "సున్నా కింద పరీక్షించానని చెప్పాను. పరీక్షించలేదు. దీనివల్ల టీకాలు పాడయ్యాయి." మిగతా పదకొండు దవాఖానలకూ తనే ఫోన్లు చేసింది. మర్నాడు పొద్దున్నే అరుణ్‌కుమార్ ఇక పనికి రావద్దన్నాడు. మంచుదేశం పెద్దమనిషి జవాబు అదే రోజు వచ్చింది. కోడ్ కలుపుకున్నానని ఒక వాక్యం. దాని కింద ఇంకొకటి: "పరీక్షించలేదని అప్పుడే చెప్పి ఉంటే నేను చేసేవాణ్ణి. మా గుమ్మం బయట మంచే ఉండింది."

సృజన ఆ వాక్యం దగ్గర కూర్చుని ఏడ్చింది.

పై నుంచి ఉత్తర్వు, కొత్త మందు రావడానికి పది రోజులు పట్టింది. కావ్య ఇల్లిల్లూ తిరిగే రోజున సృజన కరీంనగర్‌లో బస్సు మారి వెళ్ళింది. ఏమని చెప్పాలె మేడం అని కావ్య ఫోన్‌లో అడిగితే, నేనొచ్చి చెప్త అంది మరి.

మొదటి ఇల్లు సక్కుబాయిది. చంకలో తొమ్మిది నెలల పిల్ల. సృజన తన మాట తనే చెప్పింది, డబ్బా తప్పు చెప్పింది, దాని లోపలి లెక్క రాసింది నేను, చూడకనే చూసిననని చెప్పిన అని. సక్కుబాయి కోపపడలేదు. పిల్లను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అప్పుడు మూడు రోజులు జ్వరంల పడ్డది నా పిల్ల. గదంత ఉత్తదేనా?"

సృజన తలూపింది.

"మరి గిప్పుడన్న మీ డబ్బా నిజం చెప్తదా?"

"తెల్వనప్పుడు తెల్వదని చెప్తదమ్మా."

సక్కుబాయి ఆమెను ఎగాదిగా చూసి కావ్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పు సిస్టర్. డబ్బా సంగతి నాకొద్దు. నువ్వు కండ్లతోని చూసినవా?"

కావ్య చలువ పెట్టెలోంచి సీసా తీసి, ఊపి, గడప మీద నిలబెట్టింది. ముగ్గురూ దాని ముందు గొంతుక్కూర్చున్నారు. పావుగంట గడిచినా అడుక్కు ఏమీ దిగలేదు. ఎండ గడప దాకా వస్తుంటే సృజన తన చున్నీని సీసాకు అడ్డం పట్టి, అలాగే కూర్చుంది. అప్పుడు సక్కుబాయి పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని, తొడ కావ్య వైపు తిప్పింది.

రిజిస్టర్‌లో ఇంకా నలభై ఇళ్ళున్నాయి.