చివరి కుప్ప

తార్నాక సందులో సారలమ్మ బర్రె నిండు చూడితో ఉంది. కొట్టంలో మేత మాత్రం అడుగంటింది. ఇక ఆశంతా విశ్వవిద్యాలయం హాస్టళ్ళ వెనక బీడులోని గడ్డి మీదే.

ఏటా ఆ గడ్డిని మూడు పాడి కుటుంబాలు అనుమతి తీసుకొని కలిసి కోస్తాయి: సారలమ్మ, ఉప్పలయ్య, సామేలు. వారి మధ్య ఒక కట్టుబాటు ఉంది. కోతకు రోజు చెప్పినవారు పంపకంలో అందరికన్నా చివర తమ కుప్ప తీసుకోవాలి. స్వార్థం కోసం ఎవరూ తొందరపెట్టకూడదని పెద్దలు పెట్టిన నియమం అది.

మంచి కాలంలో దసరా దాటాక ఎవరో ఒకరు నవ్వుతూ రోజు చెప్పేవారు. చివరి కుప్పయినా ఏనుగంత ఉండేది. ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి మోకాలెత్తు దాటకుండానే వెన్ను వేసింది. చివరి కుప్ప అంటే ముగ్గురికీ గుబులే.

"నువ్వు పెద్దదానివి, నువ్వే చెప్పక్కా," అన్నాడు ఉప్పలయ్య.

"నా పెద్దరికం ఇయ్యాల యాదికొచ్చిందా తమ్మీ? హబ్సిగూడల నా పాలగిరాకిని గుంజుకున్ననాడు ఏడవోయింది?"

"సరే, సామేలు చెప్తడు తియ్యి."

"నాకు ముహూర్తాలు తెల్వయన్నా. ఆదివారం పొద్దున చర్చికి అడ్డం రాకుంటే సాలు," అని సామేలు తప్పుకున్నాడు.

ఇలా మర్యాదలు సాగుతుండగానే గడ్డి ముదరసాగింది. ఒక ఉదయం సారలమ్మ బీడులో వంగి, ఒక వెన్ను తుంచి అరచేతిలో నలిపింది. గింజ ఇంకా మెత్తగానే ఉంది. మరికొన్నాళ్ళు ఆగితే గింజ రాలుతుంది, కాడ పుల్లవుతుంది, బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. రోజు చెబితే తనకు తక్కువ రావచ్చు. చెప్పకపోతే ముగ్గురికీ మిగిలేవి పుల్లలే.

"రేపే కోత," అంది పక్కనే ఉన్న ఇద్దరితో.

ఉప్పలయ్య మొహం పున్నమి చంద్రుడైంది.

"ఆగు, నా మాట కాలేదు. కుప్పలు నేనే వేస్త. ఆఖరుకు తీస్కునేది నేనైతే, వేసే చెయ్యి నాదే ఉండాలె. న్యాయమా, కాదా?"

"న్యాయమే," అన్నాడు సామేలు. ఉప్పలయ్య లోపం కోసం వెతికి, దొరకక, తలూపాడు.

కోశారు, ఆరబెట్టారు, తిరగేశారు. వాన లేని ఏడాది చేసిన మేలు ఒక్కటే: గడ్డి గలగలలాడేలా ఎండింది. సారలమ్మ ఇటు నుంచి ఒక పరక తీసి, అటు ఒక పరక వేసి, మూడు కుప్పలు నిలిపింది. ఉప్పలయ్య వాటి చుట్టూ ప్రదక్షిణ చేశాడు. వంగి చూశాడు, పొడిచి చూశాడు, రాయెక్కి చూశాడు.

"అంకుల్, పెళ్ళిచూపులా?" అంది క్లాసుకు పోతున్న ఒక అమ్మాయి.

"జల్ది తీస్కో తమ్మీ, నువ్వు తేల్చేలోపు నా బర్రె ఈనేటట్టున్నది!"

చివరికి ఉప్పలయ్య నడిమి కుప్ప మీద చెయ్యి వేశాడు. సామేలు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకున్నాడు. మిగిలింది సారలమ్మ ట్రాలీ ఆటోకెక్కింది.

"అక్కా, నీదే పెద్దగ కనవడ్తున్నది!" అన్నాడు ఉప్పలయ్య.

"అయితే మార్చుకుందాం, పా."

ఉప్పలయ్య ఆమె గడ్డిని చూశాడు, తన గడ్డిని చూశాడు. "వద్దు," అని గబగబా తన కుప్పెక్కి కూర్చున్నాడు. కూర్చున్నాక నెమ్మదిగా అన్నాడు: "వచ్చే ఏడు మాత్రం రోజు నేనే చెప్త."

"ఏం గాదు, నేను చెప్త," అన్నాడు సామేలు.

వాళ్ళ వాదం తేలేలోపు సారలమ్మ ఇల్లు చేరింది. బర్రె ఒక పరక గుంజుకొని నమిలి, ఇంకొకదాని కోసం మెడ చాచింది.