మూడో పెట్టెలో సున్నా

ఆ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న మనిషి ఒక్కపూట చెయ్యి ఆపిందంటే సగం ప్రపంచం ఆగిపోతుంది. నవ్వకండి. విమానాలు ఎక్కడ దిగాలో తోచక గాల్లోనే గిరికీలు కొడతాయి, పైలట్లు కిటికీలోంచి తొంగిచూసి దారి అడుగుతారు. లిఫ్టులు రెండంతస్తుల మధ్య నిలబడిపోతే, పెళ్లికి బయల్దేరిన పిల్ల అందులోనే జుట్టు నెరిసి బామ్మవుతుంది. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను, పందెం కాసి చెబుతాను.

ఆ ఇంట్లోవాళ్లకు మాత్రం ఈ సంగతి తెలియదు. కోడలు తరుగుతూ తరుగుతూ చేతులు తుడుచుకుని, బల్ల దగ్గరికి పోయి కంప్యూటర్ మీద టకటకలాడించి వస్తుందని అత్తగారికి తెలుసు. ఎవరైనా మీ కోడలేం చేస్తుందని అడిగితే, "ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది" అంటుంది. అబద్ధమూ కాదు. ఇంట్లోనే ఉంటుంది.

ఆమె చేసే పని చెప్పడం తేలికే. కంప్యూటర్లన్నీ ఒక్క తీరున ఉండవు. వాటిని లోపల కూర్చుని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు ముఖ్యంగా మూడు. ఫైలు దాచిపెట్టు అని ఒకదానికి ఒకలా చెప్పాలి, ఇంకోదానికి బతిమాలినట్టు చెప్పాలి, మూడోదానికి చుట్టూ తిరిగి వచ్చి చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లకు అంత ఓపిక ఉండదు కనుక, అటు మాట ఇటూ ఇటు మాట అటూ చేరవేసే ముక్కల్ని ఎవరో ఒకరు రాసిపెడతారు. బైండింగులంటారు. వాటన్నిటినీ ఒకచోట చేర్చిన లైబ్రరీని ఆమె పెళ్లికి ముందు, ఉద్యోగం చేసే రోజుల్లో మొదలుపెట్టి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని నెట్‌లో పెట్టింది, అది ఎక్కడెక్కడి ప్రోగ్రాముల్లోకో చేరింది. తర్వాత ఉద్యోగం పోయింది. పోయింది అనకూడదు, బిడ్డ పుట్టాక కొన్నాళ్లు మానెయ్యమన్నారు, ఆ కొన్నాళ్లు ఇంకా పూర్తవలేదు. లైబ్రరీ మిగిలింది. ఇంటి తలుపు మీద మామగారి పేరు, కరెంటు బిల్లు మీద భర్త పేరు, బిడ్డ బడిలో 'తల్లి' అన్న మాట. ఆమె పేరు ఆమె పేరుగా ఉన్న చోటు ఆ లైబ్రరీ ఒక్కటే. అది మూడు సిస్టమ్‌ల మీదా బతికి ఉన్నంతకాలం తనూ ఎక్కడో ఒకచోట ఉన్నట్టేనని, పైకి ఎవరితోనూ అనకపోయినా, ఆమె అనుకునేది.

మధ్యలో నిలబడటం ఆమెకు కొత్త కాదు. అత్తగారు "ఏం లేదులే" అంటే చాలా ఉందని అర్థం. భర్త "ఏం లేదు" అంటే ఇంకోసారి అడగొద్దని అర్థం. తల్లీకొడుకులు ఎదురెదురుగా కూర్చుని కూడా ఒకరి సంగతి ఒకరు ఆమెనే అడుగుతారు. ఆమె ఒకరి విసుగును అలసటగా మార్చి, ఇంకొకరి అలకను మోకాలినొప్పిగా మార్చి అందిస్తుంది. సిస్టమ్‌లదీ అదే వరస. పని అయిందా అని అడిగితే రెండు సిస్టమ్‌లు సున్నా అంటాయి. తప్పులు సున్నా, నువ్వు నిశ్చింతగా ఉండు అని. మూడోది కూడా సున్నా అంటుంది. జరిగింది సున్నా, నీ పని కాలేదు అని. అదైనా అన్నివేళలా ఒక్క మాట మీద నిలబడితే బాగుండును. ఒక్కోసారి అది కూడా మిగతావాటిలాగే సంతోషంగానే సున్నా అంటుంది. కాగితం మీద చదివితే తెలిసేది కాదు, దాని ఎదురుగా కూర్చుని అడిగి చూడాలి. అందుకే ఆమె ఒక్కో సిస్టమ్‌కు ఒకటి చొప్పున మూడు కంప్యూటర్ పెట్టెలు ఉంచుకుంది. ఒకటి తన పాతది, ఒకటి భర్త పక్కన పడేసినది, మూడోది తన అన్నయ్య ఇచ్చిన, తెర మూల పగిలిన నల్లపెట్టె. ఏ చిన్న మార్పు చేసినా మూడింటిలో పెట్టి చూడనిదే బయటికి వదలదు.

ఒకరోజు పొద్దున బల్ల కింద నల్లపెట్టె లేదు. దుమ్ములో అది ఉన్న మేర శుభ్రంగా ఒక చదరం ఉంది. అడిగితే అత్తగారు తేలిగ్గా చెప్పేసింది, ఆడపడుచు వచ్చి పట్టుకుపోయిందని, పిల్లకు కాలేజీలో కావాలిట, పడే ఉంది కదా అని తనే ఇచ్చానని. ఇచ్చినదాన్ని వెనక్కి అడిగితే ఏం బాగుంటుందన్నాడు భర్త. ఏ ఆఫీసులోనూ ఒక్క మనిషికి మూడు కంప్యూటర్లివ్వరని కూడా అన్నాడు. చివరికి సిగ్గు విడిచి ఆమే ఆడపడుచుకు ఫోన్ చేసింది.

"అయ్యో వదినా, ముందే చెప్పకపోయావా. లోపల ఏవేవో చెత్త ఉంటే మొత్తం తుడిపించేశాం. ఇప్పుడు అద్దంలా ఉంది."

ఆమె మంచిది అని ఫోన్ పెట్టేసింది. మంచిది అని ఎందుకన్నానా అని ఆ తర్వాత గిన్నెలు తోముతూ చాలాసేపు ఆలోచించింది. కోపం రావలసిన చోట తన నోటికి అదే మాట అలవాటైపోయింది. ఎవరు ఏమన్నా చివరికి మంచిది అనే ముక్కను కూడా తనే రాసి, తన లోపల తనే అమర్చుకుంది. దాన్ని ఏ పెట్టెలోనూ పరీక్షించలేదు.

అంతలో మూడో సిస్టమ్ వాళ్లు కొత్త వెర్షన్ వదిలారు. ఫైలు దాచే పద్ధతి మారింది. సరిచెయ్యమని ఎవరెవరో ముఖం తెలియనివాళ్లు రాయడం మొదలుపెట్టారు, మొదట మర్యాదగా, తర్వాత పాలేరుకు పని చెప్పినట్టు. ఆమె తన నియమాన్ని ఒక్కసారి తప్పింది. నల్లపెట్టె లేకుండా, జ్ఞాపకం మీద రాసి, ఒకచోట ఆ సున్నాను సంతోషపు సున్నా అనుకుని, బయటికి వదిలింది.

మర్నాడు సాయంత్రం భర్త వస్తూనే సంచి కుర్చీలోకి గిరాటేశాడు.

"పొద్దుట్నుంచి ఆఫీసంతా చేసిన పని గంగలో కలిసింది. సేవ్ అయిందంటుంది, తెరిస్తే ఏమీ ఉండదు. ఎవడో రాసిన లైబ్రరీ వల్లట. ఇలాంటివాళ్లని ఉద్యోగంలోంచి పీకెయ్యాలి."

"ఉద్యోగం లేదేమో" అంది ఆమె సింకు దగ్గర్నుంచి.

"లేకపోతే మరీ మంచిది. ఇంట్లో కూర్చుని గిన్నెలు తోముకోమను."

ఆమె కుళాయి కట్టేసింది.

"అది నేనే."

"ఏది?"

"ఆ లైబ్రరీ. తప్పు కూడా నాదే. నల్లపెట్టె ఉంటే పట్టుకునేదాన్ని."

అతను ముందు నవ్వాడు. తర్వాత ఫోన్ తీసి వెతికాడు. అతని వేలు తెర మీద పైకీ కిందికీ పోతూ ఒకచోట ఆగింది. ఆమె తడిచేతులు అలాగే పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్లలో తనను అతను చదువుతూ ఉండగా చూడటం అదే మొదలు. ఏం అంటాడో అని కాదు, ఏదో ఒకటి తన గురించి అడుగుతాడని ఎదురుచూసింది. ఎప్పుడు రాశావని, ఎలా నేర్చుకున్నావని, కనీసం ఎందుకు తప్పు చేశావని. అతను తలెత్తాడు.

"ఇక్కడింకా మీ పుట్టింటి పేరే ఉందేం?"

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. అతనే అందుకుని, సరే, తొందరగా బాగుచెయ్యి, తప్పెక్కడుందో నేనే కనిపెట్టానని మావాళ్లకి చెబుతాను, నీ పేరు బయటికొస్తే నా పరువేం కావాలి అన్నాడు. చెప్పి స్నానానికి వెళ్లాడు. అత్తగారు ఏమైందని అడిగితే ఆమె ఏం లేదంది.

మర్నాడు అందరూ వెళ్లాక బల్ల దగ్గర కూర్చుంది. తప్పుడు మార్పును తీసేసి పాతదాన్ని తిరిగి పెట్టింది. లైబ్రరీ పేజీ పైన తన పేరు తుడిచి, ఆ చోట ఒక్క వాక్యం రాసింది. 'దీన్ని చూసుకునే మనిషి ఇక లేదు.' రాశాక ఏడుపు వస్తుందేమోనని కాసేపు కూర్చుంది. రాలేదు. హాయిగా ఉంటుందేమోనని ఇంకాసేపు కూర్చుంది. అదీ లేదు. లేచి కూర పొయ్యి మీద పెట్టింది.

ఇక సగం ప్రపంచం సంగతి. పందెం కాశాను కదా, ఓడిపోయాను, ఏం చేస్తాం. విమానాలన్నీ చక్కగా దిగాయి. పెళ్లిపిల్ల లిఫ్టు దిగి సమయానికి పీటల మీద కూర్చుంది. ఎవరో పెద్ద సంస్థవాళ్లు ఆ లైబ్రరీని మొత్తంగా ఎత్తుకుపోయి, పైన తమ పేరు వేసి, నలుగురు జీతగాళ్లను పెట్టి నడుపుకుంటున్నారు. భర్త ఆ వార్త తనే మోసుకొచ్చాడు. "చూశావా, నువ్వు లేకపోయినా నడుస్తోంది. ఇన్నేళ్లూ ఊరికే ప్రాణం తీసుకున్నావు" అన్నాడు, నిజంగా జాలిపడుతూనే. అత్తగారు ఖాళీ అయిన బల్ల మీద ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు పేర్పించింది.

ఒక మధ్యాహ్నం ఆ బట్టల మధ్య చోటు చేసుకుని ఆమె పాత పేజీ తెరిచింది. అడుగున ఎవరో రాసి ఉన్నారు. 'అక్కా, మీరు రాసిన ప్రతి లైనూ చదివి నేను ఈ పని నేర్చుకున్నాను. ఎక్కడున్నారు?' ఆమె దాన్ని చదివి, మళ్లీ చదివి, ఇస్త్రీపెట్టె వేడెక్కిన వాసన వచ్చేదాకా అలాగే ఉండి, మూసేసింది.

ఈ కథలో నేను కల్పించింది ఒక్కటి ఉంది. విమానాలు కాదు, అవి మీరు మొదటే పట్టుకుని ఉంటారు. 'అక్కా' అని రాసిన ఆ పిల్ల నా కల్పన. ఆ పేజీ అడుగున ఎవరూ ఏమీ రాయలేదు. ఆమె తెరిచి చూసిన మాట మాత్రం నిజం.