స్తమాతా ఇంటి పళ్ళెం

అబద్ధం ఆడడం ఎవరికైనా చేతనవుతుంది గానీ, దాన్ని యాభై మూడేళ్ళ పాటు అల్లారుముద్దుగా పెంచడం మాత్రం అరిస్తీదిస్ మేష్టారి వంటి నిజాయితీపరుడికే సాధ్యం. అలవాటున్నవాళ్ళయితే వారానికో కొత్తది ఆడి పాతది మరిచిపోతారు. మేష్టారు జన్మలో ఆడింది ఒక్కటే. అందుకే అది ఆయన్ని వదల్లేదు.

అప్పట్లో ఆయనకి ఇరవయ్యారేళ్ళు. పిండస్ కొండల్లో ఒంటిగది బడి. కిటికీల దాకా మంచు పేరుకుపోయిన చలికాలం. పొయ్యిలోకని ప్రతి పిల్లా పొద్దున్నే చంకలో ఒక కట్టె పెట్టుకుని రావాలి. ఆ రోజు మేష్టారు నల్లబల్ల మీద మొనెమ్వసియా బొమ్మ గీశారు. దేశానికి ఆ చివర, సముద్రంలో ఒకే ఒక్క పెద్ద బండ, దాని వెనక దాక్కున్న పాత ఊరు, ఊరంతటికీ ఒకటే ద్వారం. ముందు వరసలో లంబ్రినీ అని తొమ్మిదేళ్ళ పిల్ల కూర్చునేది. పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ పిల్ల అడిగింది, “మీరు వెళ్ళారా మేష్టారూ?” అని.

“వెళ్ళకేం!” అన్నారు మేష్టారు.

ఎందుకన్నారో ఆయనకే తెలియదు. అప్పటికి ఆయన సముద్రాన్ని చూసింది ఒక్కసారి, అదీ థెస్సలొనీకి రేవులో, వానలో. కానీ ఇరవై మూడు జతల కళ్ళు ఆయన మీదే ఉన్నాయి. ఇక ఆగలేదు. ఊళ్ళో ఒక సందు, సందు చివర ఆకుపచ్చ తలుపు, ఆ తలుపు తీసిన స్తమాతా అనే ముసలమ్మ, ఆవిడ పెరట్లో బావి, బావిలోంచి తోడి ఇచ్చిన చల్లటి నీళ్ళు, దారిలో తినమని పళ్ళెం నిండా పెట్టిన అంజూరపళ్ళు. “పళ్ళెం మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దువుగాని నాయనా” అందట. పళ్ళెం ఏదని పిల్లలు నిలదీశారు. బస్సులో పగిలిపోయిందన్నారు మేష్టారు. ఆ తరవాత నెల రోజులు పిల్లలు ఆయన్ని క్షమించలేదు. ఒకరి ఇంటి పళ్ళెం తెచ్చుకుని తిరిగి ఇవ్వకపోవడం, ఇచ్చినా ఖాళీగా ఇవ్వడం ఆ కొండల్లో మర్యాదస్తులు చేసే పని కాదు.

నిజం ఆయన చెప్పింది భార్య అసిమీనాకి ఒక్కర్తికే. “ఏ మొగుడైనా ఉన్న ఆడమనిషిని దాస్తాడు. మా ఆయన లేనిదాన్ని చూపిస్తాడు” అని నవ్వేది. ఒకసారి వెళ్ళొచ్చేస్తే పీడా పోతుంది కదా అని కూడా అనేది. మేష్టారు వెళ్ళలేదు. వెళితే అక్కడ స్తమాతా ఉండదు. ఆ సంగతి కళ్ళారా చూడడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ఆ పిల్లలే అరవై దాటినవాళ్ళు. మేష్టారికి ఎనభయ్యో ఏడు వచ్చిందని అందరూ కలిసి ఒక బస్సు మాట్లాడారు. ఎక్కడికో చెప్పకుండా ఎక్కించి, బస్సు కదిలాక చీజు చేసే నాసోస్ మైకు అందుకున్నాడు. బడిలోనూ గట్టిగా అరిచేది వాడే.

“మేష్టారూ, మనం మొనెమ్వసియా వెళుతున్నాం! మీ స్తమాతమ్మ ఇంటికి!”

బస్సంతా చప్పట్లు. మేష్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆయన పక్కన అసిమీనా చీజు రొట్టె తుంచి ఆయన చేతిలో పెట్టి, “తినండి, బలం కావాలి” అంది మెల్లగా. వెనక సీట్లో లంబ్రినీ ఒళ్ళో గుడ్డ కప్పిన రాగి పళ్ళెం. నిండా తేనె కారే అక్రోట్ల మిఠాయి. “స్తమాతమ్మ పోయే ఉంటుంది, పాపం. ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళకే ఇద్దాం. మీ బాకీ తీరిపోతుంది మేష్టారూ” అంది లంబ్రినీ. ఆ పిల్ల, అదే ఆ ముసలావిడ, నవ్వుతుంటే మేష్టారు కిటికీలోంచి బయటికి చూశారు.

దారి పొడుగునా పాటలు, పరాచికాలు. రాత్రి స్పార్తాలో బస. మర్నాడు పదింటికల్లా బండ కనపడింది. బోడిగా, ఎర్రగా, చెట్టూ చేమా లేకుండా.

“ఊరేదండీ?” అన్నాడు నాసోస్.

“వెనకుంది. ఈ ఒడ్డు నుంచి కనపడదు” అన్నారు మేష్టారు. అది మాత్రం పుస్తకంలో ఉన్నదే.

వంతెన దాటి, బస్సు ఆపిన చోట దిగి నడిచారు. ద్వారం లోపల మలుపు తిరిగిన చీకటి దారి. అటుపక్కకి రాగానే ఒక్కసారిగా ఊరు. రాళ్ళు పరిచిన సన్నటి వీధి, భుజాలు రాసుకునే ఇళ్ళు, గోడల మీంచి వాలిన కాగితంపూలు, కుడివైపు ఇళ్ళ సందుల్లోంచి సముద్రం. తను నల్లబల్ల మీద గీసిందంతా ఉంది. ఒక్క గీత కూడా తప్పు పోలేదు. మేష్టారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత అందమైన ఊరిని పట్టుకుని అబద్ధమాడవలసిన అవసరం ఏమొచ్చింది? నిజం చెప్పినా పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళే.

“ఆకుపచ్చ తలుపు, సందు చివర!” అని నాసోస్ దండుని బయల్దేరదీశాడు. ఒక సందులో నీలం తలుపు. ఇంకోదాంట్లో గోధుమరంగు. మూడోది మెట్లు మెట్లుగా దిగి సముద్రం గోడ దగ్గర తేలింది. ఒక పిల్లి తప్ప ఎవరూ లేరు.

“యాభై ఏళ్ళయింది కదర్రా, రంగు మార్చేసి ఉంటారు. కూర్చుని కాఫీ తాగుదాం” అన్నారు మేష్టారు.

“కాఫీ మన ఊళ్ళోనూ ఉంది. స్తమాతమ్మ అక్కడ లేదు” అన్నాడు నాసోస్.

వాణ్ణి నాలుగో తరగతిలోనే రెండేళ్ళు కూర్చోబెట్టాల్సింది అనుకున్నారు మేష్టారు.

అంతలో చేతికర్ర టకటకలాడించుకుంటూ వెనకబడిన లంబ్రినీ ఒక సందు మొదట్లో నిలబడిపోయింది. “ఇదిగో” అంది.

చివర తలుపు. ఆకుపచ్చగానే ఉంది. నాసోస్ అప్పటికే దబదబా బాదేశాడు. ఏభై అయిదేళ్ళావిడ తలుపు తీసింది, చేతుల నిండా బాదంపిండి. పేరు గరుఫాలియా. గుమ్మం ముందు పాతికమంది ముసలివాళ్ళని చూసి, “ఎవరైనా పోయారా?” అంది.

నాసోస్ కథంతా ఎత్తుకున్నాడు. మంచు, బడి, స్తమాతా, అంజూరపళ్ళు, పగిలిపోయిన పళ్ళెం. లంబ్రినీ రాగి పళ్ళెం మీద గుడ్డ తీసింది.

“స్తమాతానా? ఈ ఇంట్లోనా?” అంది గరుఫాలియా.

అందరూ మేష్టారి వైపు తిరిగారు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. ఇక చెప్పేద్దామని నోరు తెరిచారు. “అమ్మా, అసలు సంగతేమిటంటే...”

గరుఫాలియా ఆయన మొహంలోకి చూసింది. చేతిలో టోపీ నలిగిపోతోంది. పళ్ళెం వైపు చూసింది, లంబ్రినీ కర్ర వైపు చూసింది.

“మా అత్తగారి మేనత్తని ఏమని పిలిచేవాళ్ళో నాకు తెలియదు” అంది తాపీగా. “గుమ్మంలో నిలబడ్డవాణ్ణి ఏమీ తినిపించకుండా పంపేది కాదట. ఎండలో నిలబెట్టానని ఆవిడ లేచొచ్చి నన్ను తిట్టకముందే లోపలికి రండి.”

పెరడు చిన్నది. కొందరు మెట్ల మీద, కొందరు గోడ మీద సర్దుకున్నారు. గరుఫాలియా ఒక్కొక్కరికీ చిన్న గిన్నెలో చెంచాడు నారింజ మురబ్బా, గ్లాసుడు నీళ్ళు ఇచ్చింది. గ్లాసులు చాలక కడిగి కడిగి మళ్ళీ ఇచ్చింది.

“నాకు మాత్రం ఆ బావినీళ్ళే కావాలి” అన్నాడు నాసోస్.

“బావా!” గరుఫాలియాకి నవ్వొచ్చేసింది. “ఈ బండలో బావేమిటయ్యా? మా తాతలు...” అని మేష్టారి వైపు చూసి ఆగిపోయింది. వెళ్ళి పెరట్లో ఒక చెక్కమూత ఎత్తింది. కింద చీకట్లో నీళ్ళు మెరిశాయి. ఇళ్ళ కప్పుల మీద పడ్డ వాన అంతా అక్కడికే చేరుతుంది. “దీన్నే అనుంటారు మీ మేష్టారు. బయటివాళ్ళకి బావిలాగే కనపడుతుంది మరి.”

చేద వేసి తోడి మొదటి గ్లాసు మేష్టారికే ఇచ్చింది. ఆయన తాగారు. నిజంగానే చల్లగా ఉన్నాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయారు. ముక్కూ మొహం తెలియని మనిషి తన పరువు కాపాడుతుంటే ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది.

వెళ్ళేటప్పుడు గరుఫాలియా రాగి పళ్ళెం అట్టేపెట్టుకుంది. లోపలికెళ్ళి నీలం పువ్వులున్న తన పింగాణీ పళ్ళెం తెచ్చింది. నిండా ఎండు అంజూరాలు, పైన నాలుగు బాదం మిఠాయిలు. “మే నెల కదా, పచ్చివి లేవు” అని, మేష్టారి చేతుల్లో పెట్టి, “ఈసారి పగలగొట్టకండి” అంది.

చర్చి ముందు మైదానంలో పాత ఫిరంగి ఉంది. మేష్టారు దాని పక్కన కూర్చున్నారు, ఒళ్ళో పళ్ళెం. శిష్యులు ఫోటోలకని చుట్టూ చేరారు.

“నేనీ ఊరికి ఎప్పుడూ రాలేదర్రా” అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మళ్ళీ చెప్పారు, ఈసారి బడిలో చెప్పినట్టు విడివిడిగా. స్తమాతా లేదు. తలుపు లేదు. బావి అసలే లేదు. పళ్ళెం పగల్లేదు, ఎందుకంటే పళ్ళెమే లేదు. “మీకు అబద్ధం చెప్పాను. క్షమించమని అడగడానిక్కూడా మొహం లేదు.”

నాసోస్ మొహం ఎర్రబడింది.

“అంటే అంజూరపళ్ళు కూడా...?”

“లేవు నాయనా.”

“అయ్య బాబోయ్!” నాసోస్ నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు. “మా మనవలకి నేను కూడా తిన్నానని చెప్పాను! మీతోపాటు వచ్చానని! బావిలో నా టోపీ పడిపోయిందని కూడా చెప్పాను!”

మొదట అసిమీనా నవ్వింది. ఆ తరవాత ఎవరూ ఆగలేదు. నాసోస్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. లంబ్రినీ ఒక్కతే నవ్వలేదు. కర్ర ఫిరంగికి ఆనించి ఆయన పక్కన కూర్చుంది.

“నాకు తెలుసు మేష్టారూ” అంది. “పదిహేడో ఏట ఒక పుస్తకంలో చదివాను, ఈ బండ మీద బావులే లేవని.”

“మరి అడగలేదేమే?”

“రెండు రోజులు కోపంగానే ఉన్నాను. తరవాత గుర్తొచ్చింది. అందరూ ఊరి పెద్దలతో కొండ మీదికి విహారానికి వెళితే నన్ను బడిలో వదిలేసేవాళ్ళు కదా. మీరొక్కరే నాతో ఉండిపోయేవారు. ప్రతిసారీ స్తమాతమ్మ ఇంటికి తీసుకెళ్ళేవారు. ఆ సందులో నేను కుంటకుండా నడిచాను మేష్టారూ. ఎన్ని అంజూరపళ్ళు తిన్నానో! నాకు అవి అబద్ధమెలా అవుతాయి?”

మేష్టారు అడిగారు, “తెలిసీ ఎందుకు తీసుకొచ్చావే నన్ను?”

“మీరు ఒక్కసారైనా చూడాలని.”

ఆయన పళ్ళెంలోంచి ఒక అంజూరం తీసి, తొమ్మిదేళ్ళ పిల్లకి ఇచ్చినట్టు ఆవిడ చేతిలో పెట్టారు. రెండోది తను తిన్నారు.

మధ్యాహ్నం బస్సు కదిలింది. వంతెన దాటగానే ఊరు బండ వెనక్కి వెళ్ళిపోయింది. పింగాణీ పళ్ళాన్ని అసిమీనా శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. “తిరిగి ఇవ్వడానికి ఎప్పుడొద్దాం?” అంది. “ఖాళీగా మాత్రం ఇవ్వను.”

“ఆగస్టులో. అంజూరాలు చెట్టు మీద ఉన్నప్పుడు” అన్నారు మేష్టారు.

నాసోస్ మైకు తెచ్చి ఆయన మూతి దగ్గర పెట్టాడు. “చెప్పండి మేష్టారూ, మొనెమ్వసియా గురించి. ఈసారి చూసి వచ్చారు కదా.”

అరవై దాటిన పిల్లలందరూ సీట్లలో ముందుకి వంగారు. మేష్టారు గొంతు సవరించుకున్నారు.

“ఆవిడ పేరు గరుఫాలియా” అని మొదలుపెట్టారు. “తలుపు రంగు మాత్రం నేను చెప్పిందే.”