బొక్‌హీ నింపిన గడి

ఎనిమిదింటికి ఇంకా పది నిమిషాలుండగా కు బొక్‌హీ తన హెడ్‌సెట్‌ని స్పిరిట్ దూదితో తుడవడం మొదలుపెట్టింది. ముందు చెవికి ఆనే మెత్త, తరవాత మైకు, ఆఖరికి తీగ. ఆ దూదిని పారేయకుండా దాంతోనే కీబోర్డు కూడా ఒకసారి రుద్దింది. బల్ల కిందున్న ఖాళీ నువ్వులనూనె డబ్బాని కాలితో దగ్గరికి లాక్కుంది. పొట్టి మనిషి కావడంతో కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి ఆనవు. పందొమ్మిదేళ్ళుగా ఆ డబ్బాయే ఆమెకి కాళ్ళపీట.

జొన్‌జు నగరంలో ఇంటింటికీ కూరలు పంపే కంపెనీ అది. ముల్లంగి పచ్చడి, సోయాలో ఉడికించిన నల్ల చిక్కుడు గింజలు, వేయించిన చిట్టి చేపలు, అన్నీ డబ్బాల్లో పెట్టి, చలువ సంచుల్లో సర్ది, తెల్లారేసరికి తలుపులకి తగిలించి వస్తారు. వారం తిరిగేసరికి కడిగిన డబ్బా, మడిచిన సంచి మళ్ళీ అదే తలుపుకి వేలాడుతుండాలి. పాతకాలం మనుషులు కొందరు డబ్బా ఖాళీగా తిరిగిస్తే బాగుండదని అందులో గుప్పెడు వేరుశనక్కాయలో, రెండు చక్కెర బిళ్ళలో వేసి పంపుతారు.

బొక్‌హీ పని ఫోనెత్తడం. యాభైయేడేళ్ళ మనిషి, భర్త పోయి పదకొండేళ్ళయింది. గొంతు మాత్రం ఇంకా పెళ్ళికాని పిల్ల గొంతే. ఫోన్లో "క్షమించండి" అన్నప్పుడల్లా ఎదురుగా మనిషున్నట్టే నడుము వంచి తల దించుతుంది. ఒకసారి అలా వంగి నుదురు మానిటరుకి కొట్టుకుంటే వారం రోజులు బొప్పి తగ్గలేదు. పక్క కుర్చీల వాళ్ళు ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఇక ఆమె గొప్పతనమంతా ఒక గడిలో ఉంది. ప్రతి కస్టమర్ వరుస చివరా 'మెమో' అని ఒక గడి ఉంటుంది. మిగతా వాళ్ళు అందులో గేటు తాళం నంబరు కొట్టి ఊరుకుంటారు. బొక్‌హీ ఊరుకోదు. "కుక్క అరుస్తుంది, కరవదు. బోరీ అని పిలిస్తే తోకాడిస్తుంది." "తాతగారికి నడుం నొప్పి, సంచి కింద పెట్టకండి, కొక్కేనికి తగిలించండి." "ఈవిడ కొడుకు పోయాడు. మనిషి కనబడితే పలకరించండి." సంచులు మోసే డ్రైవర్లు ఏ ఇంటి ముందు ఎలా నడుచుకోవాలో ఆ గడిలో చూసుకునే వెళతారు. ఒక్క కస్టమర్‌నీ కంటితో చూడలేదు గాని, జొన్‌జులో ఎవరి తలుపు వెనక ఏ బాధ ఉందో బొక్‌హీకి తెలుసు.

ఆ గడి నిన్న సాయంత్రం లోకం మొత్తానికీ తెలిసిపోయింది.

నాలుగు నెలల కిందట ఎవరో 'ఒక పౌరుడు' అని సంతకం చేసి కంపెనీకి మెయిల్ రాశారు. మీ కస్టమర్ల పట్టీ పాస్‌వర్డ్ లేకుండానే ఎవరికైనా తెరుచుకుంటోంది, వెంటనే మూయించండి అని దాని సారాంశం. వచ్చిన ప్రతి మెయిల్‌కీ ఒకటే అచ్చు జవాబు వెళ్ళాలని రూలు. బొక్‌హీ ఆ జవాబే పంపింది: "మీ విలువైన సలహాకు ధన్యవాదాలు. మీ రోజు సంతోషంగా గడవాలి." పంపి, మెయిల్‌ని కాగితం మీద తీసి సెక్షన్ చీఫ్ మేంగ్ బల్ల మీద పెట్టింది.

"ఇలాంటివి రోజుకి పది వస్తాయి బొక్‌హీ గారూ. ఏమీ నొక్కకండి, అంతే," అన్నాడు మేంగ్.

రెండోది వచ్చింది. మూడోదీ వచ్చింది. మూడోదానికి బొక్‌హీ అచ్చు జవాబు కింద సొంతంగా ఒక ముక్క కలిపింది. "చలి ముదిరింది, ఆరోగ్యం జాగ్రత్త." కాగితం మాత్రం మూడుసార్లూ మేంగ్ బల్ల మీదికే వెళ్ళింది.

నిన్న సాయంత్రం ఆ పౌరుడు పట్టీ మొత్తం ఇంటర్నెట్‌లో బయట పెట్టేశాడు. పైన పెద్దక్షరాలతో "మూడుసార్లు చెప్పాం, వచ్చిన జవాబు చూడండి" అని, కింద బొక్‌హీ పేరుతో సహా ఆ చలిమాట. దేశమంతా నవ్వుకుంది. ఆ పక్కనే, మనుషులు తమ వివరాలు ఉన్నాయో లేదో చూసుకోవడానికి వీలుగా, పేరు కొడితే చిరునామాతో సహా వరుస వచ్చేలా ఒక వెతుకుడు పెట్టె కూడా పెట్టాడు. పాపం, అది మంచికే పెట్టానని అతననుకుని ఉంటాడు.

ఇవాళ ఉదయం నుంచి ఫోన్లు ఆగలేదు. మేంగ్ అందరికీ తలా ఒక కాగితం పంచాడు. అందులో ఉన్నది తప్ప ఒక్క మాట అనకూడదు. లాయరు సరేననే దాకా ఎవరూ కస్టమర్లకి ఎదురు ఫోన్ చేయకూడదు, పట్టీలో అక్షరం చెరపకూడదు. బొక్‌హీ చదివింది, క్షమించమంది, తల దించింది. పదకొండింటికి ఒకావిడ తిట్టడం ఆపి నెమ్మదిగా అడిగింది. "నా కొడుకు సంగతి రాసింది మీరేనా? ఎవడో దాన్ని పాటకట్టి పెట్టాడు." బొక్‌హీ మేంగ్ ఇచ్చిన కాగితాన్ని తిరగేసి చూసింది. వెనకవైపు ఖాళీ.

ఆ ఫోను పెట్టాకే ఆమెకి నలభై ఒక్క వేల చిల్లర వరుసల్లో ఒక వరుస గుర్తొచ్చింది. ఓక్ హేరాన్. మూడో అంతస్తు. ఆ గడిలో తన చేత్తో కొట్టిన మాటలు అక్షరం పొల్లుపోకుండా కళ్ళముందు నిలిచాయి. "భర్త నుంచి దాక్కుని ఉంటోంది. తలుపు దగ్గర పేరు పెట్టి పిలవకండి. గంట కొట్టకండి, వేలితో రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టండి. మగవాడెవడైనా వచ్చి అడిగితే ఇక్కడ ఎవరూ లేరనండి."

కొత్త డ్రైవరు వచ్చినప్పుడు అతనికి తెలియాలని రాసింది. ఇప్పుడు ఆ భర్త చేయవలసిందల్లా పెళ్ళాం పేరు ఆ పెట్టెలో కొట్టడమే.

లేచి మేంగ్ దగ్గరికి వెళ్ళింది. కళ్ళ కింద నలుపుతో, రాత్రి నుంచి అదే చొక్కాతో ఉన్నాడతను.

"ఒక్క ఫోను సార్. ఒక్కావిడకే. ప్రాణం మీదికొస్తుంది."

"ఒకళ్ళకి చేస్తే అందరికీ చేయాలి బొక్‌హీ గారూ. లాయరు తిడతాడు. సాయంత్రం దాకా ఆగండి."

ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళి సొంత ఫోను తీసింది. హేరాన్ నంబరు ఆపేసి ఉంది. రాత్రంతా లాండ్రీలో దుప్పట్లు ఉతికి, పగలు ఫోను ఆపేసి పడుకునే మనిషి. అప్పుడు బొక్‌హీ పౌరుడి మెయిల్‌కి నాలుగో జవాబు రాసింది, ఈసారి అచ్చుది కాదు. "అయ్యా, మీరు చెప్పింది నిజమే, మేం వినలేదు. కానీ ఓక్ హేరాన్ అనే వరుస ఒక్కటి తీసేయండి. మెమో చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది."

పది నిమిషాల్లో జవాబొచ్చింది. "అమ్మా, మీరు మంచివారు, మీ మీద కోపం లేదు. ఒకళ్ళకి తీస్తే అందరికీ తీయాలి. మీ కంపెనీ ప్రజలకి క్షమాపణ చెప్పిన గంటలో మొత్తం తీసేస్తాం. మేం ఎవరికీ హాని చేసేవాళ్ళం కాదు."

దాన్ని రెండుసార్లు చదివింది. మేంగ్ ఏమన్నాడో ఇతనూ అదే అన్నాడు. ఉదయం నుంచి ఆ పౌరుడు రాసిన దాంట్లో న్యాయముందనే అనుకుంటూ వచ్చింది. తాళం లేదని మూడుసార్లు చెప్పాడు, ఎవరూ వినలేదు, నిజమే. కానీ తాళం లేని ఆ ఇంట్లో మేంగ్ లేడు, తనూ లేదు. అక్కడ పగలు పడుకునే ఒక ఆడమనిషి ఉంది. బొక్‌హీకి అప్పుడొచ్చింది కోపం. అతని మీద కొంత, మేంగ్ మీద కొంత, ఎక్కువ పాలు తన వేళ్ళ మీదే.

పందొమ్మిదేళ్ళలో మొదటిసారి అరపూట సెలవు కాగితం రాసి మేంగ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

డ్రైవర్ ప్యో తెల్లారి పని ముగించుకుని వ్యాన్‌లోనే పడుకుని ఉన్నాడు. అద్దం మీద కొట్టి లేపింది.

"అక్కయ్యా, భూకంపమా?"

"హేరాన్ ఇంటికి పద."

ప్యో ఇంకో మాట అడగలేదు. మూడేళ్ళుగా ఆ తలుపు తట్టేది అతనే. కొంతదూరం పోయాక మాత్రం అన్నాడు. "పొద్దున్నే ఫోన్లో చూశా. నా గురించి కూడా రాశావటగా. 'డ్రైవరు కోపిష్టిలా కనిపిస్తాడు, మంచివాడు' అని."

"నిజమేగా."

"మా ఆవిడ చదివి, మొదటి సగం కరెక్టంది."

గేటు నంబరు బొక్‌హీకి నోటికొచ్చు. మెట్లు ఎక్కుతుంటే ఆమెకి విచిత్రంగా ఉంది. మొదటి మలుపులో విరిగిన గొడుగుల బుట్ట, రెండో అంతస్తులో బోరీ అనే కుక్క, మూడో అంతస్తులో గ్యాస్ మీటరు పెట్టె, అన్నీ తను రాసుకున్న చోటే ఉన్నాయి. తలుపు రంగు మాత్రం ఎవరూ చెప్పలేదు. వెలిసిన ఆకుపచ్చ.

రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టింది. లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"కూరల కంపెనీ నుంచి బొక్‌హీనమ్మా. గొంతు గుర్తుపట్టావా?"

గొలుసు తీసిన చప్పుడైంది. నిద్రముఖంతో, చెదిరిన జుట్టుతో, నలభైకి దగ్గరలో ఉన్న బక్కపలచటి మనిషి. చేతులు సబ్బునీళ్ళకి ఎర్రగా పగిలి ఉన్నాయి. "ఇంత పొట్టిగా ఉంటారనుకోలేదక్కా," అంది మొదటి మాటగా.

బొక్‌హీ జరిగింది మొత్తం గుమ్మంలోనే చెప్పింది, ఏదీ దాచలేదు. చివర్లో, "ఆ రాసింది నేనే తల్లీ. గడిలో అంతా విప్పి రాశాను. అది చదివిన వాడికి ఇంకేం అడగక్కర్లేదు," అని తల దించింది. ఈసారి ఎదురుగా నిజంగా మనిషే ఉంది.

హేరాన్ మెట్ల వైపు ఒకసారి తొంగి చూసింది. "ఎందుకు చేశాడట ఆ పెట్టినవాడు?"

"కంపెనీకి బుద్ధి రావాలని. మీలాంటి వాళ్ళ మేలుకేనట."

"నా మేలుకా," అంది హేరాన్. నవ్వబోయింది గాని రాలేదు. "నన్నోసారి అడగాల్సింది." తరవాత బొక్‌హీ భుజం పట్టుకుని లేపింది. "మీ మీద కోపం లేదని అబద్ధమాడను అక్కా. ఉంది. కానీ మీరు రాయబట్టే మూడేళ్ళు నా గుమ్మంలో ఎవరూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. అదీ లెక్కలోకి రావాలి కదా."

ఆమె ఏడవలేదు, ఇల్లంతా పరుగులూ పెట్టలేదు. మంచం కింద ఎప్పుడూ సర్ది ఉండే సంచి ఒకటి లాగింది. ఇంతకుముందు ఆశ్రయం ఇచ్చిన మహిళా శరణాలయం మేడమ్‌కి ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పింది. పక్కమీద దుప్పటి మడిచింది, గ్యాస్ కట్టేసింది, కుండీలో మొక్కకి నీళ్ళు పోసింది. వంటగదిలో కాసేపు పంపు నీళ్ళ చప్పుడైంది. ఈ అవస్థలో గిన్నెలు కడగడమేమిటని బొక్‌హీ మనసులో విసుక్కుంది. బయటికి వస్తూ హేరాన్ మడిచిన చలువ సంచి ఆమె చేతికిచ్చింది.

"ఇవాళ తిరిగివ్వాల్సిన రోజు," అంది.

బస్టాండులో రెండూ పదికి బస్సు. ప్యో ఆమె సామాను ఎక్కించి, దిగి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. హేరాన్ కిటికీ పక్క కూర్చుని చెయ్యి ఊపింది. ఏ ఊరికని వాళ్ళు అడగలేదు, ఆమె చెప్పలేదు. బస్సు మలుపు తిరిగింది.

అరపూట సెలవు తీసుకున్న మనిషి ఇంటికి పోవచ్చు. బొక్‌హీకి ఇంట్లో ఏం చేయాలో తెలియలేదు. మూడున్నరకి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మేంగ్ సంజాయిషీ కాగితం తెచ్చి పెట్టాడు, కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఆవిడ ఉందా?" అనడిగాడు మెల్లగా.

"వెళ్ళిపోయింది సార్."

అతను తల ఆడించి వెళ్ళాడు. కాగితం మాత్రం తీసుకెళ్ళలేదు.

నాలుగూ నలభైకి ఫోను మోగింది. మర్యాదస్తుడి గొంతు. వెనకాల ఎక్కడో కుక్క అరుస్తోంది.

"నా భార్య మీ దగ్గర కూరలు తెప్పించుకుంటుంది. ఓక్ హేరాన్. మూడో అంతస్తు. మీ వాళ్ళు రాసిపెట్టినట్టే రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టాను. తీయట్లేదు. ఈ వారం సంచి ఆవిడే తీసుకుందా, అది చెప్పండి చాలు."

బొక్‌హీ కాళ్ళు నూనె డబ్బా మీద బిగుసుకున్నాయి. గోడ గడియారం చూసింది. బస్సు కదిలి రెండున్నర గంటలు.

"క్షమించండి," అంది. ఆ మాట అంటూ ఆమె నడుము వంగకపోవడం పందొమ్మిదేళ్ళలో అదే మొదలు. నిటారుగా కూర్చుని, తనకున్న గొంతుల్లోకెల్లా తియ్యటి గొంతుతో మిగతాది పూర్తి చేసింది. "మీ విలువైన సలహాకు ధన్యవాదాలు. మీ రోజు సంతోషంగా గడవాలి."

అతను ఏదో అరవబోతుండగా పెట్టేసింది. బార్లీ టీ ఒక గుక్క తాగింది. పక్కవాళ్ళకి చెప్పబోయి మానుకుంది. నల్లబడుతున్న కిటికీ వంక చూస్తూ, ఇప్పుడు బస్సు ఎక్కడి దాకా పోయి ఉంటుందో అనుకుంది.

ఐదున్నరకి హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించాక చలువ సంచి గుర్తొచ్చింది. తిరిగొచ్చిన డబ్బాల బుట్టలో వేద్దామని తీస్తే డబ్బా బరువుగా తగిలింది. మూత తీసింది. తళతళా కడిగి తుడిచిన డబ్బాలో రెండు చిన్న కమలాపళ్ళు, ఒకదానికి ఆకు ఇంకా పచ్చగానే ఉంది.