కుర్చీల కొలత

కుర్చీని తలకిందులు చేసి, కాలిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని రంపం లాగుతున్నాడు కుర్చీల బాబాయి. పొట్టు చొక్కా ముడతల్లోకి రాలుతోంది. ఇరవై రెండేళ్లుగా ఈ పార్టీ ఆఫీసు ఊడ్చేదీ తాళం వేసేదీ అతనే. సభ ఎక్కడైనా కుర్చీలు వేసేదీ అతనే కాబట్టి అసలు పేరు ఎటో పోయింది. భార్య పోయాక వెనక గదిలోనే మంచం వేసుకున్నాడు.

జాతి కోసమే పుట్టిన మూడు చిన్న పార్టీలు ఈ ఎన్నికలకి కూటమి కట్టాయి. మూడింటి జనాన్నీ పోగేసినా రెండు బస్సులు నిండవు. కూటమి నిలిస్తే ఈ ఆఫీసే అందరికీ ఆఫీసు. లేదంటే నెలాఖరుకి ఖాళీ. వెనక గదితో సహా.

సాయంత్రం ముగ్గురు అధ్యక్షులూ ఒకే వేదిక ఎక్కుతారు. ఎవరి కుర్చీ వాళ్ల ఆఫీసు నుంచే వచ్చింది. ఎవరూ ఎవరికన్నా ఎత్తులో ఉండకూడదని షరతు. మూడో ఆయన కుర్చీ మాత్రం నాలుగు వేళ్లు ఎక్కువుంది.

"మిగతా రెంటి కిందా ఇటుకలు పెట్టెయ్ బాబాయ్," అన్నాడు ఆఫీసు గుమాస్తా కాగితాల్లోంచి తలెత్తకుండా.

"ఇటుక కదిలి అధ్యక్షుడు పడితే నువ్వు పట్టుకుంటావా?"

"గది కోసం కాకపోతే ఇంత అవస్థ పడేవాడివా నువ్వు."

బాబాయి నాలుగో కాలు కూడా కోసి, మూడు కుర్చీల మీదా చెక్క అడ్డంగా పరిచి, నీళ్ల గ్లాసు పెట్టి, వంగి చూశాడు. నీళ్లు ఎటూ ఒరగలేదు. ఆ నీళ్లే తాగేశాడు.

సాయంత్రం 'జాతి ఒక్కటే' అన్న గుడ్డ కింద ముగ్గురూ కూర్చున్నారు. ఇద్దరి తలలు సమంగా ఉన్నాయి. మూడో తల వాళ్ల చెవుల దగ్గర ఆగిపోయింది. బాబాయి ఆయన్ని పోస్టర్లలో తప్ప ఎప్పుడూ చూడలేదు. ఆ కుర్చీ ఎత్తు దర్జాకి కాదు, పొట్టి మనిషికి.

"సార్, కాస్త నిటారుగా," అన్నాడు ఫొటోలు తీసేవాడు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆయన లేచి కుర్చీ కాళ్లు చూశాడు. "ఎవరు కోశారు?"

"నేనేనండి. సమానంగా ఉండాలన్నారని."

"సమానంగా," అన్నాడాయన, బాబాయి పార్టీ అధ్యక్షుడి వైపు తిరిగి. "ఎవరు కోయించారో తెలిసిందిలెండి."

కండువా సర్దుకుని దిగిపోయాడు. వెనకే ఆయన మనుషులు, వాళ్ల వెనకే కుర్చీ. కూటమికి తొమ్మిదో రోజునే నూరేళ్లు నిండాయి.

"ఇన్నేళ్లు కుర్చీలు వేశావు," అన్నాడు బాబాయి పార్టీ అధ్యక్షుడు కారెక్కుతూ, "మనిషిని చూసి వెయ్యడం రాలేదయ్యా నీకు."

మర్నాడు పొద్దున్నే బాబాయి అలవాటుగా ఆఫీసు ఊడ్చి, తాళంచెవి గుమాస్తా చేతిలో పెట్టాడు. మంచం మడిచి గోడకి ఆనించి ఉంది. పెట్టె గుమ్మంలో ఉంది.

"నెలాఖరు దాకా ఉండొచ్చుగా బాబాయ్?"

"ఎవరికి వెయ్యనురా కుర్చీలు?"

బాబాయిని చెల్లెలి ఊరి బస్సెక్కించి వచ్చి, గుమాస్తా వెనక గది తలుపు వెయ్యబోయి ఆగాడు. కిటికీలో కుర్చీ కాళ్ల నుంచి కోసిన నాలుగు చెక్క ముక్కలు వరసగా నిలబెట్టి ఉన్నాయి, నాలుగూ ఒకే ఎత్తున.